తోక ఉన్న మాట

పోయినవారం వేర్లెని ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందిగా? ఊస్ట్‌డౌన్ సముద్రపుటొడ్డున, ముగింపు గీతకి రెండువందల మీటర్ల ఇవతల, ఊపిరి అందక సైకిల్ మీద వాలిపోయి ఉంది. ఇసుకదిబ్బల పందెం నూట నలభై కిలోమీటర్లు. ఎక్కడా గుట్ట లేదు, మిట్ట లేదు. ఉన్నదల్లా పొద్దున్నుంచి పక్కనుంచి తన్నే గాలి, చివర్లో ఒక్క పరుగు. ఆ పరుగు కోసమే పుట్టినట్టుంటుంది ఫోవ్. ఆ ఫోవ్‌కి గాలి తగలకుండా తన వెనక దాచుకుని, చివరి రెండువందల మీటర్ల దాకా లాక్కొచ్చి, "ఇక పో" అని పక్కకి తప్పుకోవడం వేర్లె పని. పదకొండేళ్ళుగా అదే పని. ఆ రోజూ అదే చేసింది. వెనక్కి తిరిగి చూడకుండా "ఉన్నావా?" అని అరిచింది. వెనకనుంచి వాళ్ళు గుర్తుగా పెట్టుకున్న మాట వచ్చింది. ప్రాణం పెట్టి లాగింది, తప్పుకుంది. తీరా పక్కనుంచి దూసుకుపోయిన చొక్కా తమ జట్టు నీలం కాదు, అవతలి జట్టు పసుపు. అందులో ఉన్నది ఫోవ్ కాదు. అన్నెలోర్. వేర్లె సొంత చెల్లెలు.

అన్నెలోర్ గీత దాటి రెండు చేతులూ ఎత్తింది. ఊరంతా కేకలేసింది. ఊరి పిల్ల గెలిచిందంటే ఊరికి అంతకన్నా ఏం కావాలి? గెలిపించింది కూడా ఊరి పిల్లే అన్న సంగతి అప్పటికింకా ఎవరికీ తట్టలేదు. తట్టింది వేర్లె ఒక్కదానికే, ఆమె ఇనుప కంచె పట్టుకుని నిలబడి ఉంది.

ఇంతలో మెడలో గుర్తింపు కార్డు వేలాడదీసుకున్న ఒక పెద్దావిడ వచ్చి భుజం తట్టింది. "మీ పేరు చీటీల్లో వచ్చిందమ్మా. డోపింగ్ మూత్రపరీక్షకి రావాలి. అరగంట టైముంది. అందాకా నేను మీ వెంటే ఉంటాను." అలా ఆవిడ ఊలు సంచీ పట్టుకుని వేర్లె వెనకాలే నడిచింది. ఆ రోజు వేర్లె వెనక ఎవరున్నారో తేలిగ్గా తెలిసింది అప్పుడొక్కసారే.

జట్టు బస్సు మెట్ల మీద ఫోవ్ కూర్చుని ఉంది. హెల్మెట్ ఇంకా తియ్యలేదు. ఈ పందెంలో వరసగా మూడేళ్ళు రెండో స్థానం. ఈసారి తొమ్మిది.

"నీ వెనక ఎవరున్నారో నీకు తెలీదా?" అంది తల ఎత్తకుండా.

"అడిగాను ఫోవ్. జవాబొచ్చింది."

"నేనివ్వలేదు. చివరి మలుపులో మోచేత్తో ఒక్క పోటు పొడిచి నా చోట్లో దూరిందది. ఎనిమిదిమంది వెనక ఇరుక్కుపోయి నీ పేరు పెట్టి గొంతు చించుకున్నాను. నువ్వు వింటేగా! రైలింజనులా పోతున్నావు."

"మన మాటే వినబడింది. ఒట్టు."

"ఆ మాట లోకంలో ముగ్గురికి తెలుసు. నేననలేదు. నువ్వనవు." ఫోవ్ అప్పుడు తలెత్తింది. ముఖమంతా రోడ్డు దుమ్ము, దాని మధ్య కన్నీళ్ళు జారిన చారలు. "ఒకే గదిలో పడుకుని పెరిగిన చెల్లెలి గొంతు నీకు తెలీలేదంటే నేను నమ్మాలా? పోనీ, ఇద్దరూ ముందే అనుకున్నారా? అదైనా చెప్పు."

బస్సు లోపల మిగతా అమ్మాయిలు సైకిల్ బూట్లు విప్పుతూ విప్పుతూ చేతులు ఆపేశారు.

ఆ మాట కథ కూడా చెప్పాలి. గాలి ఊళ్ళకి ఊళ్ళు లేపుకుపోతుంటే, జనం కంచెలు బాదుతుంటే, చెవిలో రేడియో ఎందుకూ పనికిరాదు. వెనకున్న మనిషి "ఆఁ" అని అరవాలి, ముందున్న మనిషి నమ్మాలి. తల తిప్పి చూస్తే సైకిల్ ఒక గజం వంకర పోతుంది, పందెం పోతుంది. చిక్కేమిటంటే అన్ని జట్లవాళ్ళూ "ఆఁ" అనే అరుస్తారు. అందుకని ముగ్గురూ ఒకే జట్టులో ఉన్న రోజుల్లో వేరే మాట పెట్టుకున్నారు. ఆడవాళ్ళ పందేలకి నలుగురు మనుషులూ ఒక కుక్కా తప్ప ఎవరూ రాని కాలంనుంచీ, అక్కచెల్లెళ్ళ తల్లి జెర్మైన్ ముగింపు గీత దాటాక ఇరవై అడుగుల్లో ఫ్లాస్కు పట్టుకుని నిలబడేది. కైమా ఉండలు వేసిన టమాటా సూప్. వణుక్కుంటూ వచ్చే కూతుళ్ళని చూసి "సూపె!" అని కేక పెట్టేది. ఆ కేకనే గుర్తుగా పెట్టుకున్నారు. సముద్రం ఒడ్డువాళ్ళకి మాట చివర ఆ 'ఎ' తోక తగిలించడం అలవాటు. దేశానికి ఆ చివర, లింబుర్గ్ నుంచి వచ్చిన ఫోవ్ నోట అదే మాట పొట్టిగా, తోక లేకుండా "సూప్" అని వచ్చేది. ఆ తోక మీద జట్టులో ఎంత వేళాకోళం నడిచిందో చెప్పలేను. "తోక నేర్చుకుంటే గానీ నీకు ఉండలు వెయ్యను" అనేది జెర్మైన్. ఫోవ్ నేర్చుకోలేదు, ఆవిడ ఉండలు వెయ్యకుండా ఉండనూ లేదు.

జెర్మైన్ నవంబరులో పోయింది. డిసెంబరులో అన్నెలోర్ పసుపు జట్టులో చేరింది. అప్పట్నుంచి అక్కచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు.

జట్టు పెద్ద ఒడీల్ బస్సు లోపల్నుంచి మెట్ల దాకా వచ్చాడు. అరవై దాటిన మనిషి, గొంతు పెంచడం ఎవరూ వినలేదు. "ఇక్కడ పంచాయతీ వద్దు. ఆదివారం పందేనికి ఆరింటికల్లా పేర్లు పంపాలి. ఫోవ్, నీ ముందు ఎవరు తొక్కాలో నువ్వే చెప్పు. నువ్వెవరంటే వాళ్ళు."

"వేర్లె వద్దంటే?" అంది ఫోవ్.

"వద్దంటే వద్దనే."

అంతే. వేర్లెకి ముప్ఫైనాలుగేళ్ళు. సొంతంగా ఒక్క పందెమూ గెలవలేదు, గెలవాలని కోరుకోనూ లేదు. ఆమెకున్న ఆస్తి ఒక్కటే, ఆమె వెనక చక్రాన్ని మనుషులు కళ్ళు మూసుకుని నమ్ముతారు. ఆ నమ్మకం పోతే ఏ జట్టూ ఆమెని పిలవదు. పొడి చొక్కా వేసుకుని, ఊలు సంచీ ఆవిడతో పరీక్షకి నడిచింది.

పరీక్ష బడి వ్యాయామశాలలో. గోడకి ఎక్కే నిచ్చెనలు, మూలన రబ్బరు బంతుల వల, మధ్యలో పొట్టి బెంచీలు. పది నిమిషాలకి ఇంకో కార్డు మనిషిని వెంటేసుకుని అన్నెలోర్ వచ్చింది. గెలిచినవాళ్ళకి చీటీలతో పని లేదు, రావలసిందే. చేతిలో వేదిక మీద ఇచ్చిన పూలగుత్తి. అక్కని చూసి ఆమె ముఖం వెలిగింది. వేర్లె కళ్ళారా చూసింది ఆ వెలుగు. ఒళ్ళు మండిపోయింది.

ఇక్కడో తమాషా ఉంది. ఇంకెక్కడైనా అయితే వేర్లె లేచి వెళ్ళిపోయేది. ఇక్కడ వెళ్ళడానికి లేదు. వంద మిల్లీలీటర్లు గిన్నెలో పడేదాకా ఇద్దరూ గది దాటకూడదు. నాలుగు గంటలు గాలిలో తొక్కి ఎండిపోయి ఉన్నారు, ఎప్పటికి పడుతుందో దేవుడికే తెలియాలి.

"నీళ్ళు తాగండమ్మా, తొందరగా వస్తుంది" అంది ఊలు ఆవిడ, అల్లిక సూదులు బయటికి తీస్తూ.

అన్నెలోర్ వచ్చి అదే బెంచీ మీద కూర్చుంది. "అక్కా" అంది. మూడు నెలల తర్వాత మొదటి మాట.

"అక్కా గిక్కా అనకు."

"ఏమైంది?"

"ఏమైందా? సిగ్గుండాలి అడగడానికి. అవతల ఫోవ్ ఏడుస్తోంది. ఆదివారం నేను జట్టులో ఉంటానో లేదో తెలీదు. గెలవాలని అంతుంటే గెలువు, కాళ్ళున్నాయిగా! అమ్మ మాట దొంగిలించి గెలుస్తావా? అమ్మ పోయి నాలుగు నెలలు కాలేదు."

అన్నెలోర్ ముఖంలో వెలుగు మెల్లగా తగ్గిపోయింది. నమ్మలేనట్టు చూసింది. "అంటే... నువ్వు తెలిసి లాగలేదా?"

"తెలిసి నిన్నెందుకు లాగుతాను?"

"నేను... నేను నువ్వే ఇచ్చావనుకున్నాను." ఆమె చేతిలో పూల చుట్టూ ఉన్న కాగితం చప్పుడైంది. "వేదిక మీద ఉన్నంతసేపూ అదే అనుకున్నా. అక్క ఇచ్చింది, కోపం పోయింది, అమ్మ కోసం ఇచ్చింది అని. అక్కడ మైకులో కూడా చెప్పబోయి, నీకిబ్బంది అవుతుందని మింగేశాను."

"కథలు చెప్పకు. ఫోవ్‌ని నెట్టి దూరావా లేదా?"

"నెట్టాను. అది అందరూ చేసేదే, అదీ నన్ను వందసార్లు నెట్టింది. నా జట్టుకి నీ చక్రమే మంచిదని నీ వెనక చేరాను. నువ్వు అడుగుతావని నాకు తెలుసు. అడిగావు. నోరు మూసుకుంటే నువ్వు తల తిప్పుతావు, పందెం నీదీ పోతుంది, నాదీ పోతుంది. అందుకని చెప్పాను."

"మోసం కాదా అది?"

అన్నెలోర్ ఇటు తిరిగింది. ఇరవైతొమ్మిదేళ్ళ మనిషి, ఆ క్షణాన పన్నెండేళ్ళ పిల్లలా కనిపించింది. "అక్కా, నేను ఫోవ్‌తో రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాను. దాని గొంతు అనుకరించడం నాకు రాదా? నిన్ను మోసం చెయ్యాలంటే అది అన్నట్టు 'సూప్' అనేదాన్ని. నేనలా అన్నానా?"

వేర్లె నీళ్ళ సీసా ఎత్తి ఒక గుక్క తాగి కింద పెట్టింది.

"ఏమన్నాను నేను? చెప్పు. విన్నావుగా."

ఊలు ఆవిడ సూదులు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి.

"అమ్మ అన్నట్టు అన్నాను" అంది అన్నెలోర్. "తోకతో. నేనే అని నీకు తెలియాలని. ఇష్టం లేకపోతే చెయ్యి ఊపి పక్కకి తప్పుకుంటావని. నువ్వు తప్పుకోలేదు. గేరు మార్చావు. ఎప్పుడూ లాగనంత లాగావు అక్కా! నీ వెనక చక్రం పట్టుకుని ఉండడానికే నాకు ప్రాణం పోయింది. ఫోవ్‌కి ఏనాడైనా అంత లాగావా? అలా లాగితే నేనేమనుకోవాలి?"

వేర్లె రెండు చేతుల్తో బెంచీ అంచు పట్టుకుంది.

విన్నది. నిజం చెప్పాలంటే ఇంతసేపూ ఆమె తనకి తాను అబద్ధం చెప్పుకుంటోంది. వెనకనుంచి వచ్చిన మాటకి తోక ఉంది. గాలిలో, గోలలో, ఆ చిన్న తోకే అన్నిటికన్నా స్పష్టంగా చెవిలో పడింది. ఫోవ్ కాదని తెలియడానికి అర క్షణం చాలు. ఆ అర క్షణం ఆమె దగ్గర ఉంది. కానీ ఆ అర క్షణంలో ఆమెకి అన్నెలోర్ గుర్తు రాలేదు. గీత అవతల ఇరవై అడుగుల్లో ఫ్లాస్కు పట్టుకుని అమ్మ నిలబడి ఉందనిపించింది. చలేస్తోంది, తొందరగా పోవాలి అనిపించింది. తొక్కింది. పక్కకి తప్పుకుని, గీత అవతల ఎవరూ లేకపోవడం చూసేదాకా తొక్కుతూనే ఉంది.

"నేననుకున్నాను..." అంటూనే భోరున ఏడ్చింది. అమ్మని మట్టిచేసిన రోజు కూడా ఇలా ఏడవలేదు. ఆ రోజు వచ్చినవాళ్ళకి కాఫీలు, రొట్టెలు అందిస్తూ గడిపేసింది.

అన్నెలోర్ పూలు బెంచీ మీద పడేసి అక్క మెడ చుట్టూ చేతులు వేసింది. వేర్లె తోసెయ్యలేదు, దగ్గరికి తీసుకోనూ లేదు. "నాకూ అంతే" అంది అన్నెలోర్ ఆమె జుట్టులోకి. "గీత దాటి ఇరవై అడుగులు పోయి బ్రేకు వేశాను. అక్కడ ఫోటోలవాళ్ళున్నారు."

తలుపు తెరిచి ఎవరో అన్నెలోర్ పేరు పిలిచారు. "వస్తుందేమో ప్రయత్నిస్తారా?" అన్నారు మర్యాదగా. ఆమె ముక్కు తుడుచుకుని లేచింది. "ఫోవ్‌తో నేను మాట్లాడనా?" అని అడిగింది. వేర్లె వద్దని తల ఊపింది. ఎవరు చెప్పాలో ఆమెకి తెలుసు. ఎలా చెప్పాలో తెలియలేదు.

గోడ మీద గడియారం ఆరుకి పది నిమిషాలు చూపిస్తుండగా ఫోవ్ వచ్చింది. స్నానం చేసింది, తడి జుట్టు. చంకలో ఏదో దాచుకుని ఉంది. గుమ్మం దగ్గర కాసేపు ఆగి, వచ్చి వేర్లె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నన్ను తిట్టు" అంది.

"ఎందుకు?"

"తిట్టమన్నాగా. రీప్లే చూశాను. పైనుంచి తీసింది. నువ్వు తల కూడా తిప్పలేదు. నమ్మావు, పోయావు. నీ చక్రం వదిలింది నేను, చోటు పోగొట్టుకుంది నేను. అందరి ముందూ నిన్ను అన్ని మాటలన్నాను. నా నోరు పడిపోను." చంకలోంచి తీసి ముందు పెట్టింది. పాత ఎర్ర ఫ్లాస్కు. "ఇదెందుకో తెలుసా? నిన్న సాయంత్రం హోటల్ వంటాయన కాళ్ళావేళ్ళా పడి చేశాను. ఈ ఏడాది గీత దగ్గర ఎవరూ ఉండరు కదా అని. గెలిచాక ఇద్దాం అనుకున్నా. ఉండలన్నీ విడిపోయాయి, మీ అమ్మ చూస్తే నన్ను చావగొట్టేది."

ఫోవ్ మూత తీసి అందులోనే కొంచెం వంపి అందించింది. టమాటా వాసన వచ్చింది. వేర్లె రెండు చేతుల్తో అందుకుంది.

"అయ్యో, తాగకండమ్మా" అంది ఊలు ఆవిడ నొచ్చుకుంటూ. "పరీక్ష అయ్యేదాకా మూత తియ్యని సీసా నీళ్ళే తాగాలి. బయటిది తాగితే తర్వాత ఏదైనా తేడా వస్తే మీ మీదికే వస్తుంది."

"పట్టుకోనివ్వండి, పట్టుకుంటే ఏం కాదుగా" అంది ఫోవ్. వేర్లె పట్టుకునే ఉంది. గోరువెచ్చగా ఉంది.

"ఒడీల్‌కి ఇంకా చెప్పలేదు. నీతో మాట్లాడి చెప్దామని. ఆదివారం నువ్వే నా ముందు. ఇంకెవరొద్దు." ఫోవ్ నవ్వింది. ముక్కు ఎగబీలుస్తూనే నవ్వింది. "కానీ నాకొకటి చెప్పు. అన్నెలోర్ నన్ను అంత బాగా అనుకరించిందా? నువ్వే పడిపోయేంత? అచ్చం నాలాగే అందా?"

అవునంటే సరిపోతుంది. ఒక్క మాట. ఫోవ్ అన్నెలోర్‌ని నాలుగు తిట్లు తిట్టి, ఈ ఫ్లాస్కు మూత పెట్టి, చెయ్యి పట్టుకుని బస్సుకి తీసుకుపోతుంది. ఆదివారం మళ్ళీ వెనక కూర్చుంటుంది, కళ్ళు మూసుకుని నమ్ముతుంది. వేర్లె చేతుల్లో సూప్ మీద పైపొర కట్టడం మొదలైంది. విడిపోయిన కైమా అడుగున కనిపిస్తోంది.

"సూపె" అంది వేర్లె.

"అబ్బో, ఇది తాగడానికి ఆగలేకపోతున్నావా!" అని నవ్వబోయింది ఫోవ్.

"అది అన్న మాట చెప్తున్నా. సూపె అంది."

ఫోవ్ నవ్వు పూర్తి కాలేదు. ఆమె పెదాలు ఆ మాటని చప్పుడు లేకుండా పలికి చూశాయి. ఇన్నేళ్ళూ నేర్చుకోని తోకని మొదటిసారి సరిగ్గా పలికాయి.

"తోకతో అందా?"

"ఆఁ."

"నీకు వినబడిందా?"

"వినబడింది ఫోవ్."

"వినబడ్డాకే లాగావా?"

వేర్లె ఆమె ముఖంలోకి చూస్తూ అవునని తల ఊపింది. అమ్మ అనుకున్నాను అని చెప్పాలని ఉంది. చెప్తే అది సాకు అవుతుందేమోనని చెప్పలేదు.

ఫోవ్ నేల మీద నుంచి లేచింది. లేవడానికి ఎప్పుడూ వేర్లె మోకాలు పట్టుకునేది, ఇప్పుడు బెంచీ పట్టుకుని లేచింది. జేబులో ఫోన్ మోగింది. తీసి చూసుకుంది. ఒడీల్. గడియారంలో ఆరుకి రెండు నిమిషాలుంది.

"ఆఁ, చెప్పండి" అంది ఫోన్‌లో. కాసేపు విన్నది. "ఇక్కడే ఉంది, నా ఎదురుగానే. ఆదివారం సంగతేగా? ఆలోచించాను."

వంగి వేర్లె చేతుల్లోంచి సూప్ తీసేసుకుంది. తీసుకుంటున్నప్పుడు కొంచెం ఒలికి వేర్లె మోకాలి మీద పడింది. ఇద్దరిలో ఎవరూ తుడవలేదు.

"చెప్తాను, రాసుకోండి" అంది ఫోవ్ ఒడీల్‌తో, వేర్లె కళ్ళలోకే చూస్తూ.